సంక్రాంతికి కాదు, శరత్తులో రండి

శ్రీకాకుళం, విజయనగరం ఊళ్ల నుంచి హైదరాబాదుకో చెన్నైకో బెంగుళూరుకో పనికి వెళ్లినవాళ్లు ఏడాదిలో దొరికే నాలుగు రోజుల సెలవునూ సంక్రాంతికే దాచుకుంటారు. కళ్లంలో ధాన్యం, చేతిలో డబ్బు, ఇంటినిండా చుట్టాలు. ఎవరు మాత్రం కాదంటారు? కాకపోతే రైల్లో ఒంటికాలి మీద నిలబడి వచ్చి, భోగి రోజు నిద్ర తీర్చుకుని, కనుమకి చుట్టాల ఇళ్లన్నీ చుట్టబెట్టి, ముక్కనుమ నాడు సంచులు సర్దుకునేసరికి ఊరు చూసినట్టూ ఉండదు, అమ్మతో కూర్చున్నట్టూ ఉండదు. ఏడాదికి ఒక్కసారే రాగలిగినవాళ్లు ఆ రాకను దసరాకీ కార్తీక పౌర్ణమికీ నడుమ పెట్టుకోవాలన్నది నా వాదం. రెండుసార్లు రాగలిగితే మరీ మంచిది, ఆ సంగతి చివర్లో చెబుతాను.

శరత్తు అని ఈ కాలం పేరు చెప్పగానే ఫోన్లలో తిరిగే బొమ్మల్లో ఎర్రబడ్డ ఆకులు రాలుతుంటాయి. ఆ బొమ్మ మనది కాదు. మన దగ్గర ఆకు రాలేది శిశిరంలో, మాఘ ఫాల్గుణాల్లో. ఆశ్వయుజంలో మన నేల ఏడాది మొత్తం మీద ఎన్నడూ లేనంత పచ్చగా ఉంటుంది. చెరువులు నిండి ఉంటాయి, గెడ్డల్లో, అంటే వాగుల్లో, బురద నీళ్లు తేరుకుంటాయి, మెట్ట మీద చోళ్లు (రాగులు) కంకి ముడుచుకుంటాయి, పల్లంలో వరి పొట్ట మీద ఉంటుంది. సంక్రాంతికి వచ్చేవాళ్లు చూసేది కోసేసిన మోళ్లను. అదీ అందంగానే ఉంటుంది కానీ, పంట పండటం అంటే ఏమిటో పిల్లలకు చూపించాలంటే అప్పటికి ఆలస్యమైపోయినట్టే.

వరి దగ్గర కాస్త ఆగుదాం. స్వర్ణ లాంటి నూట యాభై రోజుల రకాలు జూన్ నెలాఖరుకో జులైలోనో నారు పోసుకుంటే, అక్టోబరు రెండో సగానికల్లా ఈనిక మొదలవుతుంది. పొట్టాకు ఉబ్బడం, దాన్ని చీల్చుకుని వెన్ను (వరి కంకి) బయటపడటం, బయటపడ్డ వెన్ను మర్నాటి నుంచే పూత పట్టడం, అన్నీ వెంటవెంటనే జరుగుతాయి. వరికి పువ్వేమిటని అడిగే పెద్దవాళ్లు కూడా చాలామందే ఉన్నారు. చూడాలంటే ఎండ కాసిన రోజు ఉదయం 9 నుంచి 12 లోపు వెళ్లాలి. గింజ అవ్వాల్సిన ఆకుపచ్చ పొట్టు రెండు రెక్కలుగా విచ్చుకుంటుంది. అందులోంచి సన్నటి తెల్లని దారాల కొసన ఆరు లేత పసుపు పుప్పొడి తిత్తులు వేలాడతాయి. ఆరూ లెక్కపెట్టమని పిల్లలకు చెప్పండి, భూతద్దం అక్కర్లేకుండానే కనబడతాయి. ఒక్కో పువ్వు తెరిచి ఉండేది గంట అటూ ఇటూ. ఆ తరవాత పొట్టు మూసుకుంటుంది, ఎండిన తిత్తులు మాత్రం బయటే ఉండిపోతాయి. వెన్ను పైకొస నుంచి కిందికి పూస్తూ వస్తుంది కాబట్టి మొత్తం పూత ముగియడానికి ఓ వారం పడుతుంది. మీరున్న నాలుగు రోజుల్లో ఒకే వెన్నుకి గుర్తుగా దారం కట్టి రోజూ చూస్తే పూత కిందికి దిగుతున్నది తెలిసిపోతుంది.

ఇక్కడ జాగ్రత్తలు కొన్ని. పూత వేళ చేలోకి దిగకూడదు, గట్టు మీదే ఉండాలి. ఒంటికి రాసుకున్న వెన్ను పుప్పొడి రాల్చేస్తుంది, ఆ చేను మీది కాకపోతే రైతుకు ఒళ్లు మండుతుంది, న్యాయంగానే. ఆ పూట వాన పడితే పువ్వుల్లో పుప్పొడి కొట్టుకుపోయి తాలు, అంటే గింజ లేని పొట్టు, పెరుగుతుంది. అందుకే అక్టోబరు మధ్యలో ఉదయం పూట మబ్బు పడితే మన ఊళ్లో పెద్దవాళ్ల మొహాలు వాడిపోతాయి. మందు కొట్టే రైతులు కూడా ఈ దశలో పొద్దుటి పూట మానేసి సాయంత్రం కొడతారు. పూత అయిన వారం పది రోజులకి గింజ నొక్కి చూస్తే తెల్లటి పాలు వస్తాయి, ఇంకొన్నాళ్లకు పిండిలా గట్టిపడుతుంది, పూత నుంచి నెలకి కోతకొస్తుంది. శ్రీకాకుళం సన్నాలు అన్న పేరు బియ్యం సంచి మీద తప్ప చూడని పిల్లలకి, ఆ రకం మన రాగోలు పరిశోధనా కేంద్రంలో పుట్టిందని చెప్పడానికి కూడా ఇదే చోటు. గట్టు మీదికి ఎండ పడ్డాకే వెళ్లండి, కాళ్లకు బూట్లు, చేతిలో కర్ర. రక్తపింజర గడ్డిలో పడుకుంటే మట్టి రంగులో కలిసిపోతుంది.

రెల్లు సంగతి. సెప్టెంబరు నెలాఖరు నుంచి వంశధార, నాగావళి ఇసుక తిన్నెల మీద రెల్లు పూస్తుంది. మధ్యాహ్నం చూస్తే మామూలు తెల్లదనమే. నాలుగున్నర తరవాత వెళ్లి, పడమటి సూర్యుడికీ మీకూ మధ్యలో రెల్లు ఉండేలా నిలబడితే ఒక్కో పోచా వెలుగుతుంది. కార్తీకం సగం అయ్యేసరికి దూది ఎగిరిపోయి బోసి కాడలు మిగులుతాయి. ఆకు అంచు రంపంలా కోస్తుంది, పిల్లలు దూసి లాగకుండా చూసుకోవాలి. చాలామంది పట్టించుకోనిది నది. రెండు నదులూ ఒడిశా కొండల్లో పుట్టి వస్తున్నాయి. అక్కడ రాత్రి వాన కురిస్తే, మన నెత్తిన ఆకాశం కడిగినట్టున్నా మర్నాడు నీరు పెరుగుతుంది. గొట్టా బ్యారేజీ నుంచి వంశధారకు, తోటపల్లి నుంచి నాగావళికి నీళ్లు వదులుతున్నారేమో ఆ ఊరి వాట్సాప్ గుంపులో అడిగి తెలుసుకుని వెళ్లండి. ఇసుక తవ్విన చోట మోకాలి లోతు నీళ్లు ఒక్క అడుగులో నిలువు లోతవుతాయి. అందుకే తిన్నె మీద కూర్చోండి గానీ నీళ్లలోకి దిగకండి.

సాయంత్రాల లెక్క వేరే చెప్పాలి, ఎందుకంటే హైదరాబాదు నుంచి వచ్చేవాళ్లు ఇక్కడే బోల్తా పడతారు. శ్రీకాకుళంలో అక్టోబరు 1న దాదాపు 5.43కి పొద్దు గూకుతుంది. నవంబరు 1కి అది 5.21 అవుతుంది. హైదరాబాదు కంటే మనకు ఇరవై నిమిషాల ముందే చీకటి. టీ తాగి ఐదున్నరకి బయల్దేరుదాం అంటే చూసేదేమీ ఉండదు. నాలుగుకే ఇల్లు కదలాలి, చీకటి పడేలోపు చేతులు నిండా కప్పుకోవాలి, దోమలకి ఇదే అదును. బదులుగా ఏడింటికల్లా పూర్తి చీకటి, నిర్మలమైన ఆకాశం, వసారాలో మంచం. కార్తీక మాసానికి ఆ పేరు తెచ్చిపెట్టిన కృత్తికలను తూర్పున చూపించండి. పౌర్ణమి నాడు చంద్రుడు వాటి దగ్గరే ఉంటాడు, కానీ ఆ వెలుగులో అవి కనపడక నిరాశపడతారు. నాలుగైదు రోజులు ఆగి, చంద్రోదయం కాకముందు చూస్తే గుప్పెడు చుక్కలు స్పష్టంగా తేలతాయి.

అరసవల్లి సూర్యనారాయణ స్వామి గుడిలో అక్టోబరు 1, 2 తేదీల్లో ఉదయపు కిరణాలు మూలవిరాట్టు పాదాలను తాకుతాయన్నది అందరికీ తెలిసిందే. మళ్లీ మార్చి 9, 10 ప్రాంతంలో ఎందుకు తాకుతాయో పిల్లలు అడిగితే జవాబు తేలిక. డిసెంబరు 21కి ఎనభై రోజులు ముందుకూ ఎనభై రోజులు వెనక్కూ లెక్కపెట్టండి, ఇంచుమించు ఆ తేదీలే వస్తాయి. సూర్యుడు దక్షిణానికి పోతూ ఒకసారి, తిరిగొస్తూ ఒకసారి తూర్పు దిక్కున ఒకే చోట ఉదయిస్తాడు. తూర్పున మబ్బుంటే ఏమీ కనపడదు, లేకపోయినా కనిపించేది కొద్ది నిమిషాలే. జనం మాత్రం తెల్లారకముందే నిండిపోతారు. పొడవాటి మాను కొసన పూజారిని కూర్చోబెట్టి ఊరేగించే విజయనగరం సిరిమానూ అంతే. విజయదశమి తరవాతి మంగళవారం పైడితల్లి సంబరానికి మూడులాంతర్ల దగ్గర ఇసుక వేస్తే రాలదు, చంటిపిల్లలతో ఆ తోపులాటలోకి వెళ్లకండి. ముందు రోజు తొలేళ్లకి వెళ్లండి, అమ్మవారి దగ్గర పెట్టిన విత్తనాలు రైతులకు పంచుతారు. నా మట్టుకు సిరిమాను కంటే ఆ గుప్పెడు గింజలే గొప్ప.

పక్షుల విషయంలో ఒక పాత పొరపాటు దిద్దాలి. టెక్కలి దగ్గర తేలినీలాపురానికి సైబీరియా నుంచి కొంగలొస్తాయని ఏటా పేపర్లలో రాస్తారు, బడిలో టీచర్లు చెబుతారు. అక్కడ చెట్ల మీద గూళ్లు కట్టేవి గూడబాతులు, అంటే పెలికాన్లు, ఇంకా రెక్క చివర గులాబీ రంగుండే పసుపు ముక్కు కొంగలు, పెయింటెడ్ స్టార్కులంటారు. రెండూ మన దేశపు పక్షులే. సైబీరియా నుంచి వచ్చే పక్షి చలి తప్పించుకుని తిండి కోసం వస్తుంది, గుడ్లు పెట్టడానికి తిరిగి తన ఊరే పోతుంది. ఇక్కడ గూడు కట్టి పిల్లల్ని పెంచుతున్నదంటే దాని పుట్టిల్లు ఇదే. సైబీరియా అంటే గొప్పగా ఉంటుందని ఊరి పక్షిని పరాయిదాన్ని చేసేశాం. ఇచ్ఛాపురం దగ్గర తేలుకుంచికి వచ్చేవి నత్తగుల్ల కొంగలు. ముక్కు మూసినా రెండు దవడల నడుమ సందు ఉంటుంది, పొలాల్లో నత్తల్ని పట్టి గుల్లలోంచి మెత్తని కండ లాగి తింటాయి.

ఇప్పుడే చూడాలనడానికి కారణముంది. తేలుకుంచి కొంగలు వానాకాలం మొదట్లో వచ్చి, పిల్లలకు రెక్కలొచ్చాక నవంబరు, డిసెంబరుల్లో వెళ్లిపోతాయి. తేలినీలాపురం పక్షులు సెప్టెంబరు నుంచి చేరడం మొదలుపెట్టి వేసవి మొదట్లో పోతాయి. రెండు చోట్లా పక్షులుండేది శరత్తులోనే. సంక్రాంతికి వస్తే ఒకటి ఖాళీ. ఉదయం 6 నుంచి 8, సాయంత్రం 4 నుంచి 5.15 వరకు మంచి వేళ. 8×42 బైనాక్యులర్ చాలు, అంతకన్నా పెద్దది చెయ్యి వణికితే బొమ్మ నిలవదు. చెట్టు కింద నిలబడకండి. రెట్ట పడటం ఒక్కటే కాదు, మనిషి అలికిడికి పెద్దవి లేస్తే గూటి అంచున ఉన్న పిల్ల కిందపడుతుంది. చప్పట్లు కొట్టి లేపి ఫోటో తీసేవాళ్లను వెంట తీసుకెళ్లకపోవడమే మేలు.

ఇంటి మాట. పెద్దవాళ్లను ఎదురుగా కూర్చోబెట్టి "నాన్నమ్మా, ఆ రోజుల్లో ఎలా ఉండేదో చెప్పు" అంటే ఏమీ చెప్పరు, "ఏటుంటాది నాయనా" అని ఊరుకుంటారు. చేతికి పనుంటే మాట దానంతటదే వస్తుంది. ఈ కాలానికి ఆ పని సిద్ధంగా ఉంది. కార్తీక పౌర్ణమికి మూడువందల అరవై అయిదు వత్తులు కావాలి. గింజ తీసిన పత్తి అరచేతిలో విడదీసి, బొటనవేలితో పేనడం పదేళ్ల పిల్లకి పది నిమిషాల్లో వస్తుంది. బిగించి పేనితే నూనె పీల్చక ఆరిపోతుంది, వదులైతే భగ్గున మండి అయిపోతుంది, మొదలు కాస్త లావుగా, కొస సన్నగా ఉండాలి. కొట్లో కట్టలుగా దొరుకుతాయి, ఐదు నిమిషాల్లో పనైపోతుంది. కానీ ఇక్కడ కావలసింది వత్తి కాదు కదా. మన్యం నుంచి అడ్డాకు తెప్పించుకోగలిగితే విస్తళ్లు కుట్టడం ఇంకా మంచి పని. ఆకు మరీ ఎండితే చిట్లుతుంది, కుట్టేముందు తడిగుడ్డలో చుట్టి ఉంచాలి.

దీపావళికి మన వైపు దివిటీలు కొట్టడం ఇంకా బతికే ఉంది. మూడడుగుల పచ్చి గోగుకాడ, కొసకి పాత నూలు గుడ్డ పీలిక గట్టిగా కట్టి, నువ్వుల నూనెలో ముంచి పిండాలి. పిండకపోతే మంట కారుతుంది. పాలియెస్టర్ కలిసిన గుడ్డ వాడితే కరిగి చేతి మీద పడుతుంది, పాత ధోవతి ముక్కే సురక్షితం. వెలిగించి వీధిలో నేలకేసి కొట్టి, నాగులచవితి మళ్లీ వస్తుందని కేకలేసి, కాళ్లు కడుక్కుని లోపలికి వచ్చి తీపి తింటారు. పచ్చికాడే ఎందుకంటే అది అంటుకోదు. ఆ రోజుల్లో గోగు చేలు ఊరి చుట్టూ ఉండేవి, ఇప్పుడు పంట తగ్గింది కాబట్టి ముందే చెప్పి ఉంచుకోవాలి.

ఆ నాలుగో రోజు నాగులచవితి. ఉత్తరాంధ్రలో ఇది ఇంటిల్లిపాదీ తోటకో పొలానికో కదిలే రోజు, మిగిలిన టపాకాయలు పుట్ట దగ్గర కాల్చే రోజు. ప్రసాదాలన్నీ పొయ్యి వెలిగించకుండా చేసేవే, అందుకే పిల్లల చేత చేయించవచ్చు. చిమ్మిలికి కప్పు నువ్వులు కడిగి నీడన పూర్తిగా ఆరబెట్టాలి, తడి ఉంటే సాయంత్రానికి పులిసిన వాసనేస్తుంది. ముప్పావు కప్పు బెల్లం తురుము కలిపి రోట్లో దంచండి. మిక్సీ అయితే ఆపి ఆపి తిప్పాలి, ఆగకుండా తిప్పితే నూనె వదిలి జిడ్డుముద్ద అవుతుంది. చలిమిడికి బియ్యం రాత్రంతా నానబెట్టి, నీళ్లు ఓడ్చి, చెమ్మ ఉండగానే దంచి జల్లించాలి. రెండు కప్పుల తడిపిండికి కప్పు బెల్లం, నీళ్లు అసలు వద్దు, పిండి చెమ్మకే బెల్లం కరిగి ముద్దవుతుంది. కొన్న పొడిపిండితో చేస్తే ఇసుక నమిలినట్టుంటుంది. పుట్టలో పాలు ఉద్ధరిణెడు చాలు. పాములు పాలు తాగవు, పుట్ట కట్టింది చెదలు. లీటర్లు కుమ్మరిస్తే మన్ను కూలి కన్నం మూసుకుపోతుంది. టపాకాయలు గడ్డివాముకీ ఎండిన తాటి కమ్మలకీ దూరంగా కాల్చండి.

వనభోజనాల్లో ఒక్క వంటకం గురించే చెబుతాను, తక్కినవి ఎవరైనా వండుతారు. ఉసిరి చెట్టు కింద కందా బచ్చలి లేకపోతే అది వనభోజనం కాదు. ఆరుగురికి అరకిలో కంద, రెండు కట్టల బచ్చలి, నిమ్మకాయంత చింతపండు, ఐదారు పచ్చిమిరపకాయలు, చిన్న అల్లం ముక్క, రెండు చెంచాల ఆవాలు. చేతులకు నూనె రాసుకుని, చెయ్యి తడవకుండా కంద చెక్కు తీయాలి, తడి తగిలితే దురద ఎక్కువ. తవ్వి కొన్నాళ్లయిన కంద మేలు. ముక్కలూ, తరిగిన బచ్చలీ, పసుపూ కలిపి మెత్తగా ఉడికించి, గరిటెతో ఒత్తి, చింతపండు గుజ్జు, ఉప్పు వేసి ఐదు నిమిషాలు ఉడకనివ్వాలి. పులుపు తగ్గించారంటే గొంతు దురదని కోరి తెచ్చుకున్నట్టే. మిరప, అల్లం, ఇంగువ, కరివేపాకుతో పోపు పెట్టి దించాలి. ఆవాలు పది నిమిషాలు నానబెట్టి, చన్నీళ్లతో నూరుకుని, గిన్నె చెయ్యి పెట్టగలిగేంత చల్లారాకే కలపాలి. పొయ్యి మీద ఉండగా వేస్తే ఘాటు పోయి చేదు మిగులుతుంది. నూటికి తొంభై మంది చేసే తప్పు ఇదే. కలిపాక గంట ఊరితే రుచి కుదురుతుంది, కాబట్టి తోటకి ఇంట్లోంచే వండుకుని వెళ్లడం సుఖం.

నా వాదానికి బలమైన ఎదురుమాట ఒకటుంది, తుపాను. ఫైలిన్ 2013 అక్టోబరు 12న ఒడిశా ఒడ్డున తీరం దాటింది, హుద్‌హుద్ సరిగ్గా ఏడాదికి అదే తేదీన విశాఖను కొట్టింది, తిత్లీ 2018 అక్టోబరు 11న ఉద్దానం కొబ్బరీ జీడీ నేలకూల్చింది, గులాబ్ 2021 సెప్టెంబరు 26న కళింగపట్నం పక్కనే దాటింది. సంక్రాంతికి ఈ భయం దాదాపు లేదు, ఒప్పుకోవాల్సిందే. అయినా వీటిలో ఏదీ చెప్పకుండా రాలేదు, రోజుల ముందే వాతావరణ శాఖ హెచ్చరించింది. రద్దు చేసుకోగల టికెట్టు తీసుకోండి, బంగాళాఖాతంలో అల్పపీడనం అన్న మాట వినగానే వారం వాయిదా వేయండి. వచ్చాక తగులుకుంటే నీళ్లు పట్టుకుని, ఫోన్లు నింపుకుని, పెంకుటింట్లో ఉంటే పక్క డాబాకి వెళ్లాలి. గాలి ఒక్కసారిగా ఆగిపోతే తుపాను పోయిందనుకుని బయటికి రాకండి, కన్ను మీ మీదుగా పోతున్నప్పుడు అలాగే ఉంటుంది, కాసేపటికి ఎదురు దిక్కు నుంచి మళ్లీ కొడుతుంది.

రెండో ఎదురుమాట డబ్బు. కోత కాలేదు, చేతిలో పైసా ఉండదు, ఇప్పుడొచ్చి ఏం చేస్తామంటారు. పైన చెప్పినవాటిలో కొనాల్సినవి ఎన్నున్నాయో మళ్లీ ఒకసారి చూడండి. సంక్రాంతికి ఒక బట్టల బిల్లుకే ఇంతకు రెట్టింపవుతుంది. సెలవు రెండు రోజులే దొరికితే నాగులచవితి ముందు రోజూ ఆ రోజూ ఎంచుకోండి. పక్షుల్నీ అరసవల్లినీ వదిలేయండి, వరినీ పుట్టనీ వదలొద్దు.

సంక్రాంతికి కూడా వస్తామనేవాళ్లకి దసరానాడే ఒక పని. భాద్రపదంలో రాలిన తాటిపళ్ల టెంకలు ఊరి చివర ఇంకా పడి ఉంటాయి. అడుగున్నర లోతు మన్ను గుల్ల చేసి, ఇసుక కలిపి పాతరలా ఎత్తు పోసి, టెంకలు పక్కపక్కనే పేర్చి పైన రెండంగుళాలు మన్ను కప్పండి. మొలక పైకి కాదు, కిందికి దిగుతుంది. అడుగు మన్ను గట్టిగా ఉంటే తేగ వంకరపోయి తవ్వేటప్పుడు విరుగుతుంది. వానలు ఆగాక వారానికోసారి నీళ్లు చల్లమని ఇంట్లో చెప్పి వెళ్లండి. నెలన్నరకి ఒకటి పగలగొడితే బుర్రగుంజు, అంటే టెంక లోపలి తెల్లటి మెత్తని గుంజు, మూడు నెలలకి, అంటే పెద్దపండక్కి, తేగలు. అంతకన్నా ఆలస్యం చేస్తే పీచు పట్టేసి ఎంత ఉడకబెట్టినా నమలలేరు.